నల్లిని చూపినవారిని తిట్టకండి

పెద్ద దర్గా ఉరుసుకు, ఒంటిమిట్ట కల్యాణానికి జనం వచ్చే రోజుల్లో కడపలోని చిన్న లాడ్జీల్లో పొద్దున ఖాళీ అయిన మంచం మీద మధ్యాహ్నానికి మరొకరు నడుం వాలుస్తారు. నల్లి ఎగరలేదు, దూకలేదు. సంచుల్లో, బట్టల మడతల్లో చేరి ఊళ్ళు మారుతుంది. కాబట్టి అది మురికికి గుర్తు కాదు. రోజూ కడిగే గదిలోకీ ఒక్క సంచితో వచ్చేస్తుంది.

ఇది గ్రహించని యజమాని, నల్లి కనబడిందని చెప్పిన రూమ్ బాయ్‌నే సరిగ్గా దులపలేదని తిడతాడు. అతను రెండోసారి చూసినా చెప్పడు. అసలు నష్టం అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. గుడ్లు వారం పది రోజుల్లో పగులుతాయి. పిల్లలు రక్తం తాగుతూ ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దవవుతాయి. నెలా రెండు నెలలు మౌనంగా గడిస్తే గోడ పగుళ్ళ గుండా పక్క గదికి పాకిపోతాయి.

అతిథులు ఫిర్యాదు చేయలేదని ధీమా పడకూడదు. నల్లి కుట్టినా కొందరికి దద్దురు రాదు. పరుపు అంచు కుట్లు, మంచం తలవైపు పలక వెనుక, మరమేకుల రంధ్రాలు, స్విచ్‌బోర్డు వెనుక టార్చి వేసి చూడాలి. సిరా చుక్కల్లాంటి నల్లని మచ్చలు, ఎండిన కుబుసాలు కనిపిస్తే అక్కడ నల్లులు కాపురం పెట్టినట్లే.

మా అవ్వ నులక మంచం కోళ్ళ సందుల్లో మసిలే నీళ్ళు పోసేది. ఆమె పద్ధతి సరైనదే. 50 డిగ్రీలు దాటిన వేడికి నల్లి, గుడ్డు రెండూ చస్తాయి. కానీ మన ఎండ 40 డిగ్రీలు దాటినా మందపు పరుపు లోపలికి ఆ వేడి దిగదు, నల్లులు నీడవైపు జరిగిపోతాయి. ఆవిరి యంత్రంతో కుట్ల వెంట నెమ్మదిగా పట్టాలి. దుప్పట్లను విడిగా మూటకట్టి మరిగే నీళ్ళలో ఉతికించాలి.

మందు కొట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. మామూలు పురుగు మందులకు చాలా నల్లులు లొంగడం లేదు, పైగా చెదిరి కొత్త చోట్లకు పోతాయి. పట్టిన గదితోపాటు రెండు పక్కలవి, పైది, కిందిది వెతకాలి. రెండు వారాలకు మళ్ళీ చూడాలి. కొత్తగా కొనేటప్పుడు సందులు ఎక్కువగా ఉండే ప్లైవుడ్ మంచాలకు బదులు ఇనుప మంచాలు తీసుకోవడం మేలు.

యజమానులకు నా విన్నపం ఒక్కటే. మొదటి నల్లిని చూపిన రూమ్ బాయ్ చేతిలో వంద రూపాయలు పెట్టండి. ఎంత పండుగ రద్దీ ఉన్నా ఆ రాత్రి ఆ గదిని అద్దెకు ఇవ్వకండి.