లాండోర్‌లో శనక్కాయలు

(ముస్సోరీకి పైన, లాండోర్ కంటోన్మెంట్. చార్ దుకాన్ అనే టీకొట్ల ముందు బెంచీ. ప్రభాకర్ రిటైరైన సోషల్ సారు, అనంతపురం. పక్కన ఆయన భార్య సరోజ. రిటైరయ్యారే గానీ పాఠం ఆపలేదు.)

సరోజ: స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసినా పళ్లు టకటకమంటున్నాయి.

ప్రభాకర్: 7,500 అడుగుల ఎత్తు మరి. ఈ చలి కోసమే తెల్లోళ్లు ఎక్కారు. 1827లో జబ్బుపడిన సోల్జర్ల కోసం ఇక్కడ శానటోరియం పెట్టారు.

సరోజ: జబ్బు నయం చేసుకునే చోటికి జబ్బు తెచ్చుకోడానికి వచ్చామన్నమాట.

ప్రభాకర్: ఆ నిశ్శబ్దం వినవే! కింద ముస్సోరీ మాల్ రోడ్డు తిరునాళ్లలా ఉంటే, ఇక్కడ దేవదారు చెట్ల గాలి తప్ప ఏమన్నా వినబడుతోందా? మిలిటరీ ఏరియా, ఇష్టమొచ్చినట్టు కట్టనివ్వరు కాబట్టే...

సరోజ: విందామనే ఉంది. మీరు ఆపితే గదా!

(సారు ఆపారు. టీ వచ్చేదాకా. టీ త్వరగానే వచ్చింది.)

ప్రభాకర్: ఆ సెయింట్ పాల్స్ చర్చి చూడు. పులుల వేటగాడు జిమ్ కార్బెట్ అమ్మానాన్నలకు 1859లో పెళ్లయింది అందులోనే.

సరోజ: వాళ్లు పెళ్లికే వచ్చారు. నన్ను మీ పెన్షన్ వచ్చాక తెచ్చారు, మోకాళ్లు అరిగాక.

ప్రభాకర్: నిన్న మంచుకొండలు కనబడే లాల్ టిబ్బా చూపించానా లేదా?

సరోజ: చూపించారు. డబ్బులిచ్చి దుర్భిణీలో చూస్తే మబ్బు. ఊరికే చూసినా అదే మబ్బు.

ప్రభాకర్: ఆ మబ్బు వెనకే స్వర్గారోహిణి శిఖరం! పాండవులు స్వర్గానికి నడిచిన దారి.

సరోజ: తెలుసు. ద్రౌపది మొదట పడిపోతే, భీముడు చెప్పినా ధర్మరాజు వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు పడిందో మాత్రం నడుస్తూనే వివరంగా చెప్పాడు. నిన్న ఎక్కుడులో నా చెప్పు తెగినప్పుడు మీరు చేసింది అదే.

ప్రభాకర్: హీల్స్ వద్దని ముందే చెప్పాను.

సరోజ: ఇదిగో, ఇట్లాగే చెప్పాడు.

(సారు ప్లేటు వైపు తిరిగారు.)

సరోజ: మళ్లీ ఆలూ పరాఠానా! పొద్దున ఉర్లగడ్డ, మధ్యాహ్నం ఉర్లగడ్డ, రాత్రి ఉర్లగడ్డ.

ప్రభాకర్: దానికీ కథ ఉంది. 1825లో ఇక్కడ మొదటి ఇల్లు కట్టిన కెప్టెన్ యంగ్ ఐర్లండ్ మనిషి. ఈ కొండల్లో ఉర్లగడ్డ నాటిందీ ఆయనే అంటారు.

సరోజ: పక్కన నాలుగు గోంగూర మొక్కలు నాటితే ఆయన సొమ్మేం పోయేది?

ప్రభాకర్: పాపం, ఇంటి మీద బెంగ. ఇంటికి ముల్లింగర్ అని ఐర్లండ్ ఊరి పేరే పెట్టుకున్నాడు. లాండోర్ అన్నదీ వేల్స్‌లో ఒక పల్లె పేరు నుంచే వచ్చిందట.

సరోజ: వాళ్లు పేర్లతో సరిపెట్టుకున్నారు. మీరు సూట్‌కేసులో రాగిపిండి తెచ్చారు. సంగటి కట్టె లేక చపాతీ కర్రతో గెలికితే, గెస్ట్‌హౌస్ వంటవాడు సిమెంటు కలుపుతున్నానేమో అన్నట్టు చూశాడు.

ప్రభాకర్: రెండు ముద్దలు తిన్నది ఎవరో?

సరోజ: గెలికినోళ్లకి ఆకలెయ్యదా!

(సిస్టర్స్ బజార్. ఒకప్పుడు మిలిటరీ ఆసుపత్రి నర్సులుండే చోటు. అక్కడి కొట్టులో సారు ఒక సీసా అందుకున్నారు.)

ప్రభాకర్: పీనట్ బటర్! అమెరికా మిషనరీలు ఈ కొండకి అలవాటు చేశారు. హిందీ నేర్చుకోడానికి వచ్చేవాళ్లు. ఆ లాంగ్వేజ్ స్కూలు ఇంకా ఉంది.

సరోజ: మీరూ చేరండి. పొద్దున టాక్సీవాడిని దింపమని "హమ్ కో ఉతార్ దో" అనబోయి, అప్పివ్వమని "ఉధార్ దో" అన్నారు. పాపం, పర్సు తీయబోయాడు.

ప్రభాకర్: (ధర చూసి) ఓయబ్బో! ఈ లెక్కన మా తమ్ముడు ఎకరా శనక్కాయలకి కోటీశ్వరుడు కావాలి.

సరోజ: అక్కడ పెట్టి రండి.

(కొట్టతను స్పూనుతో కాస్త రుచి చూపించాడు. సారు కళ్లు మూసుకుని చప్పరించారు.)

ప్రభాకర్: బాగుందే! నాలుగు ఎండుమిర్చి, కాస్త చింతపండు, రెండు వెల్లుల్లి రెబ్బలు పడితే...

సరోజ: చట్నీ అవుతుంది. పదండి.

ప్రభాకర్: భయ్యా, దో బోతల్!

సరోజ: అనంతపురానికి శనక్కాయలు మోసుకెళ్తారా! ఊళ్లో ఎవరికైనా తెలిస్తే?

ప్రభాకర్: తెలియాలనే. బిల్లు జాగ్రత్తగా దాచు, మా తమ్ముడు మాట నమ్మే రకం కాదు.