గుడ్లకు కాపలా కాసే పాము రెక్కల సీతాకోకచిలుక: ఏది నిజం, ఏది కాదు

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరుగుతోంది. ఆకుల నడుమ రెండు పాము తలలున్నట్టు కనిపిస్తుంది. ఇవి పాములు కావని, అట్లాస్ అనే ప్రపంచంలోకెల్లా పెద్ద సీతాకోకచిలుక అని, రెండు వారాలే బతుకుతుందని, ఆ కాలమంతా పాము వేషంలో తన గుడ్లకు కాపలా కాస్తుందని, విషపూరితం కనుక ముట్టుకోవద్దని దాని కింది రాతల సారాంశం.

మొదటి మాట సులువుగానే తేలిపోతుంది: ఇది సీతాకోకచిలుక కాదు, శలభం, అంటే ఇంగ్లీషులో మాత్. దసలి పట్టునిచ్చే పురుగుకు దగ్గరి చుట్టమే.

అసలు చిక్కు కాపలా కథతోనే. తుప్పు రంగు రెక్కలు, ఒక్కో రెక్క మీద పొలుసులు లేక అద్దంలా మెరిసే త్రికోణపు మచ్చ, ముందు రెక్కల కొసన వంపు తిరిగి, కన్నులాంటి నల్ల చుక్కతో పాము తలను తలపించే భాగం, ఇవన్నీ నిజమే. అయితే ఆడ శలభం ఆకుల అడుగున గుడ్లు అతికించి వెళ్ళిపోతుందే తప్ప వాటి దగ్గర కూర్చోదు. అవి పగిలి పురుగులు బయటికి రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది గనుక చాలాసార్లు అప్పటికి తల్లే ఉండదు. పైగా గుడ్లతో ఏ సంబంధమూ లేని మగ శలభానికీ రెక్కల కొసన అదే పాము తల ఉంటుంది. గుడ్ల కోసమే ఈ వేషమైతే మగదానికి ఎందుకు? పక్షులను బెదిరించి తన ప్రాణాన్ని కాపాడుకోవడానికే ఈ రూపమని చాలామంది శాస్త్రవేత్తల ఊహ.

రెక్కలు చాపితే దాదాపు 24 సెంటీమీటర్లుండే ఈ శలభం పెద్దదే కానీ అన్నిటికన్నా పెద్దది కాదు. దక్షిణ అమెరికాలోని వైట్ విచ్ అనే శలభం రెక్కల చాపులో దీన్ని మించుతుంది. అన్నట్టు, మన దక్షిణాదిన, శ్రీలంకలో కనిపించేది అట్టాకస్ తాప్రొబానిస్ అనే సోదర జాతి.

రెండు వారాల ఆయుష్షు మాత్రం ఇంచుమించు సరైనదే. ఎదిగిన శలభానికి పనిచేసే నోరు ఉండదు. గొంగళిపురుగుగా తిని కూడబెట్టిన కొవ్వు అయిపోయేదాకానే దాని బతుకు. నోరే పనిచేయనిది కరవలేదు, కుట్టడానికి ముల్లూ లేదు. కనుక విషం మాట ఎవరో తగిలించిన తోకే.