రివర్సు గేరు గారికి, ఉభయ కుశలోపరి

గౌరవనీయులైన రివర్సు గేరు గారికి,

ఉభయ కుశలోపరి. ఇక్కడ మేము క్షేమంగా లేము. అక్కడ తమరు అసలు ఉన్నారో లేదో తెలీదు. ఉత్తరం అన్నాక అలా మొదలెట్టాలి కాబట్టి మొదలెట్టాను.

కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేట్లో మా ఫైబర్ పడవ, దాని వెనకాల 9.9 గుర్రాల పాత ఔట్‌బోర్డ్ మోటారు, ఆ మోటారు కాలి చివర నీళ్ళలో మునిగి ఉండే గేర్‌బాక్సు, అందులో నూనె, ఆ నూనెలో తమరు. ఇదీ తమ చిరునామా. ఎండ మొహం చూడని కాపురం. మా చేతికి వచ్చేసరికి ఈ మోటారుకి ఇద్దరు యజమానులు దాటిపోయారు. అమ్మినాయన "బంగారం బాబూ, చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఆయనా ఎప్పుడూ చూసుకున్నట్టు లేదు.

పోయినేడాది వేట నిషేధంలో నీళ్ళ పంపు ఇంపెల్లరు, అంటే నీళ్ళు తోడే రబ్బరు చక్రం, మార్పించాం. మోటారుకి చల్లగా నీళ్ళు ఎక్కుతున్నాయి, ఇంక దిగుల్లేదు అనుకున్న వారానికే తమరు అలిగారు. లీవరు వెనక్కి లాగితే కరకరమని చప్పుడు, కాస్త పట్టు, వెంటనే టప్పున జారిపోవడం. మరి న్యూట్రల్ సంగతో? న్యూట్రల్‌లో పెట్టినా పడవ మెల్లగా ముందుకే జరుగుతుంది. ఇందులో మోటారుని మరీ తప్పుపట్టను. మా వీధిలో ఎన్నికలొస్తే తటస్థంగా ఉన్నామనేవాళ్ళు కూడా ఇంతే, కూర్చున్న చోటనే ఓ పక్కకి జరుగుతుంటారు. వాళ్ళు పార్టీ మారితే కనీసం చప్పుడు రాదు.

రివర్సు లేని పడవ బాధ ఏరులో తెలుస్తుంది. సముద్రంలో వెనక్కి ఎవడెళ్తాడు? సాయంత్రం వల తడి తడిగా, చేపల పెట్టెలతో, రెండు పడవల మధ్య సందులోకి దూరాలి. ముందు మావయ్య గెడ పట్టుకుని నిలబడతాడు. నేను వెనక హ్యాండిల్ దగ్గర. "ఆపరా, ఆపరా" అని ఆయన. "ఆపుతున్నా" అని నేను. కరకర, టప్. పక్క పడవ అంచు మీద మా పడవ ముక్కు. ఆ పడవ ఆయన పాపం తిట్టేవాడు కూడా కాదు, లేచొచ్చి గీత పడిన చోట బొటనవేలితో రాసి చూసి, మళ్ళీ వెళ్ళి కూర్చునేవాడు. తిడితేనే బాగుండేది.

ఆ గట్టు మీద డాక్టర్లకి కొదవ లేదు. ఒకాయన ఆయిల్ అన్నాడు. ఇంకొకాయన ప్రొపెల్లరు మధ్యలో రబ్బరు బుష్ జారుతోంది, అందుకే మోటారు అరుస్తుందిగానీ పడవ కదలదన్నాడు. చదువుకునే కుర్రాడొకడు బుష్ మీంచి ప్రొపెల్లరు మీదకి సుద్దముక్కతో ఒక గీత గీసి, ఓ చక్కరు తిప్పుకు రమ్మన్నాడు. గీత చెక్కుచెదరలేదు. గట్టు మొత్తం మీద రుజువు చూపించి మాట్లాడింది ఆ ఒక్కడే, అదీ కేసు కొట్టేయడానికి. మూడో ఆయన మాట్లాడలేదు, నేరుగా స్క్రూడ్రైవరు తీసి ఐడిల్, అంటే మోటారు ఊరికే తిరిగే వేగం, పెంచేశాడు. గేరు పడగానే ఆగిపోతోందన్నాను మరి. ఐడిల్ పెరిగాక చప్పుడు కరకర నుంచి గరగరకి ఎదిగింది.

మావయ్యది మాత్రం ఓర్పు వైద్యం. "మెల్లగా వెయ్యరా, పసిపిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసినట్టు వెయ్యి." ఏడాది పొడుగునా అలాగే వేశాను. ఆ పాపం ఎంత పెద్దదో తర్వాత రాస్తాను.

ఈ ఏడాది ఏప్రిల్ 15 వచ్చింది. జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్. గట్టు మీద మోటార్లన్నీ చెక్క స్టాండ్లకి తగిలించి, ప్రభుత్వాసుపత్రి వార్డులా ఉంది. మా మెకానిక్ తమరిని చూడకుండానే తీర్పు చెప్పాడు. "రివర్సు పోయింది. గేర్‌బాక్సు ఇప్పాలి." ఇప్పాడు. ఆయిల్ పాలు పోసిన టీలా లేదు, అంటే నీళ్ళు దిగలేదు. డ్రెయిన్ స్క్రూకి మాత్రం వెండిలా మెరిసే ఇనుప రజను అంటుకుని ఉంది.

అప్పుడు చూశాను తమరి సంసారం. పైనుంచి దిగిన షాఫ్టుకి చిన్న పినియను గేరు. దానికి అటూ ఇటూ రెండు గేర్లు, ఫార్వర్డు గారూ తమరూ, ఎప్పుడూ చెరో దిక్కుకి తిరుగుతూనే ఉంటారు. లీవరు వేస్తే కదిలేది తమరు కాదు, మధ్యలో ప్రొపెల్లరు షాఫ్టు మీద జరిగే చిన్న ఇనుప ముక్క. దాని పేరు డాగ్ క్లచ్. పేరుకి తగ్గట్టే దానికి రెండు వైపులా పళ్ళు. ఎటు జరిగితే అటు గేరుని కరిచి పట్టుకుంటుంది. ఫార్వర్డు వైపు పళ్ళు పదునుగానే ఉన్నాయి. తమ వైపు పళ్ళు మాత్రం ముసలమ్మ చిగుళ్ళలా గుండ్రంగా అరిగిపోయాయి. కుక్కని మార్చాం. డబ్బు సంగతి ఇక్కడ రాయను, ఇంట్లో వాళ్ళు కూడా చదువుతారు. మెకానిక్ మూత బిగించి, కొత్త ఆయిల్ పై రంధ్రంలోంచి పోశాడు. కింది రంధ్రంలోంచి ఎక్కించి, పైన కారేదాకా ఆగాలి, లేకపోతే లోపల గాలి ఉండిపోతుంది. చెబితే "మాకు తెలీదా" అన్నాడు.

నీళ్ళలోకి దింపి స్టార్ట్ చేశాం. కరకర. టప్. కొత్త కుక్క, పాత అరుపు.

ఆ రాత్రి నిద్ర పట్టక, పొద్దున్నే ఎవరూ లేనప్పుడు మోటారు దగ్గరికెళ్ళాను. ప్లగ్ వైర్లు పీకేశాను, తిప్పుతుంటే రాజుకుంటే వేళ్ళు పోతాయి. లీవరు న్యూట్రల్‌లో పెట్టి ప్రొపెల్లరుని చేత్తో తిప్పాను. హాయిగా తిరగాలి కదా, టక్ టక్ టక్‌మని దేనికో తగులుతోంది. ఫార్వర్డులో పెట్టాను, గట్టిగా పట్టింది. రివర్సులో పెడితే పంటి కొసతో పట్టీ పట్టనట్టు. ఇంకా చెప్పాలా? లీవరుకి ఏది మధ్యో, లోపల కుక్కకి అది మధ్య కాదు. అది ఎప్పుడూ ఫార్వర్డు గారి గుమ్మంలో కూర్చుని ఉంటోంది. తమ దాకా రావాలంటే గొలుసు చాలట్లేదు.

ఆ గొలుసు కాలి మధ్యలో ఉంది. లీవరు నుంచి దిగే పై రాడ్డూ, కుక్కని జరిపే కింది రాడ్డూ కలిసే చోట ఒక పొడుగు నట్టు, దాని మీద లాక్ నట్టు. ఇంపెల్లరు మార్చాలంటే గేర్‌బాక్సు దింపాలి, దింపాలంటే ఈ అతుకు విప్పాలి. పోయినేడాది విప్పినవాడు కంటి చూపుతో బిగించాడు. ఈ ఏడాది విప్పినవాడు శ్రద్ధగా, ఆ తప్పు బిగింపు గుర్తు చూసుకుని, మళ్ళీ సరిగ్గా అక్కడికే బిగించాడు. లాక్ నట్టు వదులు చేసి, పొడుగు నట్టు కొంచెం తిప్పడం, ప్రొపెల్లరు తిప్పి చూడడం, మళ్ళీ తిప్పడం. టీ చల్లారకముందే పని అయిపోయింది. ఐడిల్ కూడా కిందికి దించాను.

తమకి క్షమాపణ చెప్పుకోవడానికే ఈ ఉత్తరం. ఏడాదిపాటు గట్టంతా తమరిని దోషి అంది, ఇద్దరు మెకానిక్కులు ముట్టుకున్నారు, ఒక్కరూ ప్రొపెల్లరుని చేత్తో తిప్పి చూడలేదు. నేనూ చూడలేదు. పైగా ఆ "మెల్లగా వెయ్యడం" ఒకటి. గేర్లు రెండూ తిరుగుతుండగా కుక్కని నెమ్మదిగా జరిపితే పళ్ళ కొసలు ఒకదాన్నొకటి అంతసేపూ చెక్కుకుంటూనే ఉంటాయట. మోటారు ఐడిల్ స్పీడులో ఉండగా ఒక్క ఊపులో టక్కున వెయ్యాలి. నేను పసిపిల్లాణ్ణి ఉయ్యాల్లో వేస్తున్నాననుకుంటూ ఆకురాయి పట్టాను. మావయ్యకి ఈ ముక్క ఇంకా చెప్పలేదు.

1909లో అమెరికాలో ఎవిన్‌రూడ్ మోటార్లు అమ్మకానికి వచ్చినప్పుడు తమ జాతే లేదట. అనుమానించడానికి ఎవరూ ఉండేవాళ్ళు కాదు, అదొక సుఖం.

ఇట్లు,
తమ విధేయుడు,
హ్యాండిల్ పట్టేవాడు

తా.క.: నిన్న సాయంత్రం ఏట్లో ట్రయల్ వేశాం. లీవరు టక్కున లాగాను. చప్పుడు లేదు. పడవ ఠీవిగా వెనక్కి బయల్దేరింది. అది నిజంగా వెనక్కి వెళ్తుందని మాలో ఎవరికీ నమ్మకం లేదు కాబట్టి వెనక ఏముందో ఎవరూ చూడలేదు. మళ్ళీ ఆయన పడవే. మావయ్య "గెడేదిరా, గెడేదిరా" అని అరుస్తున్నాడు. రివర్సు వచ్చేసింది కదా, ఇంక దాంతో పనేముందని పొద్దున్నే ఇంటికి పట్టుకెళ్ళి చూరులో దోపేసి వచ్చాను.