దూడగారి బుడగలు

నేను చేసే పని ఏమిటో అమ్మకు నాలుగేళ్లుగా చెబుతూనే ఉన్నాను. బొడ్డుతాడు నుంచి తీసిన మూలకణాలను ఫ్లాస్కుల్లో పెంచుతాం, అవి బయటికి వదిలే బుడగల్ని పట్టుకుంటాం. మాకు కావలసినవి 30 నుంచి 150 నానోమీటర్లవి.

"అంటే కంటికి కనబడవా?"

"కనబడవమ్మా."

"మరి పట్టుకున్నావని నీకెలా తెలుస్తుంది?"

ఈ ప్రశ్నే మా మేడమ్ కూడా అడుగుతారు, కాకపోతే ఇంగ్లీషులో.

కణాలు 48 గంటలు ఈదిన మీడియాన్ని, అంటే వాటి పోషక ద్రవాన్ని, తీసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. 300 జీ దగ్గర కణాలు దిగుతాయి, 2,000 దగ్గర చచ్చినవి, 10,000 దగ్గర చెత్తాచెదారం. మిగిలినదాన్ని అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో లక్ష జీ దగ్గర, అంటే భూమి లాగే దానికి లక్ష రెట్లు, 70 నిమిషాలు. ఎదురెదురు ట్యూబులు బంగారం కొట్టులో తూచినట్టు తూచాలి. ఇంతా చేస్తే అడుగున ఏమీ కనబడదు. అందుకే ముందే ట్యూబు బయటి వైపు పెన్నుతో సున్నా చుట్టి, తర్వాత ఆ సున్నాకి దణ్ణం పెట్టుకుని పైనీళ్లు వంచేస్తాం.

ఆ రోజు లెక్కపెట్టే మెషీన్ తెర మీద, వానాకాలం ట్యూబ్‌లైట్ చుట్టూ ఉసిళ్లలా, ఒకటే తెల్ల చుక్కలు! ఎప్పుడూ వచ్చేదానికి పదింతలు. ఇంటి నుంచి తెచ్చిన కాజాలు ల్యాబంతా పంచాను. కిటుకేమిటన్నా అని జూనియర్ అడిగితే, చేయి తిరగాలి తమ్ముడూ అన్నాను.

మేడమ్ కాజా కొరికి, "కంట్రోల్ ఏది?" అన్నారు.

కంట్రోల్ అంటే కణాల్లేని ఉత్త మీడియం. దాన్నీ రెండు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి, అన్ని తిప్పుళ్లూ తిప్పి చూశాను. అవే ఉసిళ్లు. దాదాపు అన్నే.

మా కణాలకు సీరం పడకపోతే అలుగుతాయి. ఆ సీరం, అంటే రక్తంలోని పలచటి ద్రవం, దూడది. అందులో దూడ బుడగలు బోలెడు ఉంటాయి కాబట్టి, ముందే లక్ష జీ దగ్గర 18 గంటలు తిప్పి వాటిని వదిలించుకుని, ట్యూబు మీద నీలం మార్కర్‌తో 'తీసినది' అని రాసుకుంటాం. హుడ్‌లోకి, అంటే కణాలతో పనిచేసే శుభ్రమైన పెట్టెలోకి, వెళ్లే ప్రతి వస్తువునూ 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. శుభ్రత విషయంలో నన్ను వేలెత్తి చూపేవాడు లేడు. అభిషేకం చేసినట్టు తుడుస్తాను. ఫ్రిజ్ తెరిచి చూస్తే రెండు సీరం ట్యూబులు, బుడగలు తీసినదొకటి, తీయనిదొకటి. ఒకదాని మీద నీలం మరక. రెండోదాని మీదా నీలం మరకే.

రాత్రి అమ్మ ఫోన్. "ఏరా, దొరికాయా?"

"దొరికాయమ్మా. కాకపోతే దూడవి."

అవతల కాసేపు ఆలోచన.

"ఆవు దూడా, గేదె దూడా?"