ఏఐ కనిపెట్టిందంటే ఎవరు కనిపెట్టినట్టు?

‘ఏఐ కొత్త యాంటీబయాటిక్ కనిపెట్టింది’ అని హెడ్డింగ్ పెట్టడం తేలికే. హాలిసిన్ సంగతి విప్పి చూస్తే అసలు కర్త ఎవరో తేల్చడమే కష్టం. 2020లో అమెరికాలోని ఎంఐటీ బృందం బయటపెట్టిన యాంటీబయాటిక్ అది. ముందుగా 2,335 రసాయనాలను ఈ-కొలై బ్యాక్టీరియా మీద ప్రయోగించి, ఏది దాని పెరుగుదలను ఆపిందో, ఏది ఆపలేదో రాసుకున్నారు. ఆ లెక్కలతో ఏఐ మోడల్‌కు శిక్షణ ఇచ్చి, దాదాపు 6 వేల రసాయనాల జాబితా ముందుపెట్టారు. అది పై వరసలో నిలబెట్టిన 99ని ల్యాబ్‌లో పరీక్షిస్తే 51 పనిచేశాయి. వాటిలో ఇప్పుడున్న యాంటీబయాటిక్స్‌తో పోలిక లేనిదాన్ని ఏరాలన్న నియమం మనుషులు పెట్టిందే. పైగా అలా ఏరిన హాలిసిన్ కొత్త అణువేం కాదు, అంతకుముందు డయాబెటిస్ కోసం వేరేవాళ్లు పరిశీలించిందే. ఇంతమంది చేతులు పడితే, పేరు మాత్రం ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమాలోని హాల్ అనే కంప్యూటర్‌ది పెట్టారు!

యంత్రానికి ఆవిష్కర్త అనిపించుకునే హక్కు ఉందా లేదా అన్నది ఇప్పుడు పెద్ద చర్చేమీ కాదు. తన డాబస్ అనే ఏఐని ఆవిష్కర్తగా గుర్తించాలన్న స్టీఫెన్ థేలర్ వాదనను అమెరికా ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2022లో, బ్రిటన్ సుప్రీంకోర్టు 2023లో తోసిపుచ్చాయి. తెలుగు రాష్ట్రాల పేటెంట్ దరఖాస్తులు కూడా చెన్నై గిండీలోని కార్యాలయానికే వస్తాయి. అక్కడ ఇచ్చే ఫారం 5లో ఆవిష్కర్తల పేర్లు ప్రకటించాలి. మోడల్‌కు మేత వేసిన డేటా ఎవరిదో రాయడానికి అందులో గడి లేదు. అసలు అన్యాయం ఇక్కడే జరుగుతోంది.

గిండీలోనే ఉన్న మద్రాసు విశ్వవిద్యాలయం క్యాంపస్‌నే తీసుకోండి. ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలిక తిరగగలదో, ఎక్కడ అణువులు ఒకదానికొకటి అడ్డొస్తాయో చూపే పటం అక్కడి పరిశోధకులు 1963లో ప్రచురించిందే. ప్రొటీన్ నిర్మాణం సరిగ్గా వచ్చిందో లేదో ఇప్పటికీ దాంతోనే సరిచూస్తారు. ఆ రిసెర్చ్ పేపర్ మీద జి.ఎన్.రామచంద్రన్, సి.రామకృష్ణన్, వి.శశిశేఖరన్ ముగ్గురి పేర్లున్నా, వాడుకలో మిగిలింది ‘రామచంద్రన్ ప్లాట్’ ఒక్కటే. యంత్రం ఊసే లేని రోజుల్లోనే ఇద్దరి పేర్లు వెనక్కి పోయాయన్నమాట.

ప్రొటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఏఐ మోడల్ ఆల్ఫాఫోల్డ్‌కు 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో సగం వచ్చింది. దాన్ని తయారుచేసి ఆ బహుమతి అందుకున్న హసాబిస్, జంపర్ దానికి అర్హులే. కానీ ఆ మోడల్ చదువుకున్నది 1971 నుంచి ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో పోగైన నిర్మాణాలను. వాటిలో చాలావాటికి ముందు ప్రొటీన్‌ను స్ఫటికంగా పెంచాలి; ఒక్కో స్ఫటికానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టిన పని అది. అంతమందికీ నోబెల్ ఇవ్వలేం సరే, పేపర్‌లో డేటాసెట్ పేరు, వెర్షన్, దాన్ని తయారుచేసిన ల్యాబ్‌లు రాయడానికి అడ్డేముంది?

బెంగళూరు, చెన్నై ల్యాబ్‌లలో మోడల్‌తో పనిచేసేవాళ్లు వాటా తేల్చాల్సింది ఫలితం వచ్చాక కాదు. అప్పటికి ఎవరి జ్ఞాపకం వాళ్లది. మొదటి రోజు నుంచే లాగ్, అంటే పని చిట్టా పెట్టాలి: ప్రశ్న ఎవరు వేశారు, మోడల్ ఏ వెర్షన్, ఇచ్చిన ఇన్‌పుట్ ఏంటి, అది ఎన్ని ప్రతిపాదనలు ఇచ్చింది, వాటిని ఏ నియమంతో ఎవరు వడపోశారు, ల్యాబ్‌లో ఎవరు పరీక్షించారు. వెర్షన్ రాయకపోతే క్లౌడ్‌లో మోడల్ మారిపోయాక అదే ఫలితం మళ్లీ రాబట్టలేరు. ఫెయిలైనవి పారేస్తే, మోడల్ నిజంగా ఎంత సాయపడిందో ఎవరూ చెప్పలేరు. ల్యాబ్‌లో పరీక్ష ప్లేట్లు నింపి కొలతలు తీసిన జూనియర్ పేరు పేపర్ చివర కృతజ్ఞతల పేరాలో తేలేది కూడా లాగ్ లేకపోవడం వల్లే. ఫలితం తప్పని తేలితే జవాబు చెప్పడానికి నిలబడేవాళ్లనే పేపర్ రచయితలుగా పెట్టాలి. ఆ ఒక్క షరతుతోనే మోడల్ పక్కకు తప్పుకుంటుంది. నిధులు తెచ్చాడన్న ఒక్క కారణంతో పేరు చేరిన పెద్దాయన కూడా తప్పుకోవాల్సి వస్తుంది.