గ్రహీత అందుబాటులో లేరు

నెల్లూరు మూలాపేటలోని మా ఇంట్లో గత నెల మూడు రాత్రులు దీపం ఆరలేదు. ఎవరికీ ఒంట్లో బాగాలేక కాదు. అమెరికాలో ఉన్న మా అమ్మాయికి మా శ్రీమతి పంపిన గుమ్మడి వడియాలు, ఆవకాయ ఏ ఘడియలో ఏ విమానం ఎక్కాయో, ఏ దేశపు గోడౌనులో దిగాయో ఫోను ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటే, ఆ వార్తలు వినకుండా పడుకోవడం ఆమెకు మర్యాదగా తోచలేదు. ఇరవై ఏళ్ల కిందట ఇదే అమ్మాయి మొదటిసారి ఒంటరిగా విమానమెక్కి వెళ్లినప్పుడు రెండు రోజుల పాటు ఆమె ఎక్కడున్నదో మాకు తెలియదు. ఆ రెండు రాత్రులూ మేము సుఖంగానే నిద్రపోయాము. వడియాల విషయంలో అంతటి అజ్ఞానానికి ఇప్పుడు అవకాశం లేదు.

ఈ జ్ఞానోదయానికి మూలపురుషుడు ఫెడెక్స్ అనే పార్సెల్ సంస్థను స్థాపించిన ఫ్రెడ్ స్మిత్. 1973 ఏప్రిల్ 17న అమెరికాలోని మెంఫిస్ నగరం నుంచి 14 చిన్న విమానాలతో 186 పొట్లాలను 25 ఊళ్లకు పంపి ఆయన పని మొదలుపెట్టాడు. పొట్లం ఎంత ముఖ్యమో పొట్లాన్ని గురించిన సమాచారమూ అంతే ముఖ్యమని ఆ దశాబ్దంలోనే ఆయన గ్రహించాడు. ఇందులో 'అంతే' అన్న మాట కేవలం ఆయన వినయం. సమాచారమే ప్రధానమనీ, పొట్లం దానికి నిమిత్తమాత్రమనీ నా వంటి వాడు అనుభవపూర్వకంగా చెప్పగలడు.

ఊరూరి పొట్లాలనూ రాత్రికి రాత్రి ఒక్క చోటికి తెచ్చి, విడదీసి, తెల్లవారేలోగా మళ్లీ ఊరూరికీ పంపడం ఆయన పద్ధతి. ఆ రోజుల్లో పక్క ఊరికి పోవలసిన పొట్లమైనా మెంఫిస్ దర్శనం చేసుకొని రావలసి వచ్చేది. ఈ మహత్తర సూత్రం మన జిల్లాకూ వచ్చింది. కావలిలో ఉన్న మా బావగారికి నేను ఒక కళ్లజోడు పంపితే, పేరు చెప్పడం బాగుండని ఒక సంస్థ దానిని జాతీయ రహదారి మీద కావలి పక్కనుంచే విజయవాడ తీసుకుపోయి, అక్కడ ఒక రాత్రి విశ్రాంతి ఇచ్చి, వెనక్కు తెచ్చి కావలిలో దించింది. పోయేటప్పుడే దించవచ్చు కదా అన్నది బస్సు కండక్టరును అడగవలసిన మాట. విద్యావంతులు కంప్యూటరును అలా అడగరు.

వడియాల దగ్గరకు వస్తాను. పార్సెల్ ఆఫీసులో కుర్రవాడు మా అట్టపెట్టెను కాటా మీద పెడితే ఏడు కిలోలు తూగింది. మా శ్రీమతి సంతోషించేలోగా అతను టేపు తీసి పెట్టె కొలిచాడు. పొడవు 50 సెంటీమీటర్లు, వెడల్పు 40, ఎత్తు 40. మూడింటినీ హెచ్చవేసి 5,000తో భాగిస్తే 16 వచ్చింది. విమానంలో బరువుకన్నా చోటుకు గిరాకీ ఎక్కువ కాబట్టి ఈ రెండింటిలో ఏది పెద్దదైతే దానికే డబ్బు కట్టాలట. "వడియాలు గాలిగా ఉంటాయి గదమ్మా, గాలికి కూడా కట్టాల" అని ఆ కుర్రవాడు ఎంతో ఓర్పుగా చెప్పాడు. ఎండబెట్టిన వస్తువు తేలిక అని అనాదిగా నమ్ముకుంటూ వచ్చిన నెల్లూరు గృహిణికి ఇంతటి భౌతికశాస్త్ర పాఠం ఎవరు చెప్పగలరు? ఆవకాయ ఒక్కటే గౌరవం నిలబెట్టింది. దాని బరువూ దాని పరిమాణమూ ఒకదానినొకటి మోసం చేసుకోలేదు.

తరువాత చీటీ అంటించారు. దాని మీది గీతలకు పెద్ద కథే ఉన్నది. నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్ అనే ఆయన మయామీ సముద్రతీరంలో కూర్చొని, టెలిగ్రాఫు చుక్కలూ గీతలూ తలచుకుంటూ ఇసుకలోకి వేళ్లు దించి వెనక్కు లాగితే బార్‌కోడ్ ఆలోచన పుట్టింది. 1952లో దానికి పేటెంటు వచ్చింది. మైపాడు ఇసుకలో మన పిల్లలు తరతరాలుగా గీసిన గీతలను అలలు చెరిపేస్తూ వచ్చాయి, లేకపోతే ఆ పేటెంటు మన జిల్లాకే దక్కేది.

ఆ గీతల కింద ఉండే సంఖ్య ఇంకా నిష్ఠాగరిష్ఠమైనది. దేశాంతర తపాలా సంఖ్యలో ఎనిమిది అంకెలను వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7లతో హెచ్చవేసి, కూడి, 11తో భాగించి, మిగిలిన శేషాన్నిబట్టి తొమ్మిదో అంకెను కాపలా పెడతారు. ఎవరైనా ఒక్క అంకె తప్పు కొట్టినా యంత్రం దాదాపు ఎప్పుడూ పట్టుకుంటుంది. చిరునామాకు మాత్రం ఇటువంటి కాపలా ఏదీ లేదు. 1972 ఆగస్టు 15 నుంచి పిన్‌కోడ్ ఉన్న మాట నిజమే, కాని 524తో మొదలయ్యే ఆ ఆరంకెలు పొట్లాన్ని మా పేట దాకా తెచ్చి, అక్కడ చేతులు కడుక్కుంటాయి. అక్కడి నుంచి మా చిరునామా 'పాత ఐస్ ఫ్యాక్టరీ వెనక, వేపచెట్టు సందు.' ఐస్ ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది, వేపచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. అయినా కొత్తగా వచ్చిన వారికి తప్ప ఈ చిరునామా ఎవరికీ అర్థం కాకపోలేదు. తపాలా శాఖ 2025లో డిజిపిన్ పేరుతో దేశాన్నంతా నాలుగేసి మీటర్ల గడులుగా కోసి ఒక్కో గడికి అక్షరాలూ అంకెలూ కలిపి పదింటితో ఒక పేరు పెట్టింది. ఆ లెక్కన మా గేటుకు ఒక పేరు, వంటింటికి ఇంకొక పేరు వచ్చి ఉండాలి, వేపచెట్టుకు రాలేదు.

దారి ఎంచుకోవడంలోనూ శాస్త్రం ఎంతో ముందుకు పోయింది. పది ఇళ్లకు పొట్లాలు పంచవలసి వస్తే 36,28,800 వరసలలో తిరగవచ్చు; పదిహేను ఇళ్లయితే లక్షా ముప్పై వేల కోట్లకు పైగా. అమెరికాలోని యూపీఎస్ అనే పార్సెల్ సంస్థ ఓరియన్ అనే ప్రోగ్రాముతో ఈ చిక్కు విడదీసి ఏటా 10 కోట్ల మైళ్ల ప్రయాణం ఆదా చేస్తున్నానని చెప్పుకుంటుంది. కుడివైపున నడిచే ఆ దేశంలో ఎడమ మలుపు తిరగాలంటే ఎదురుగా వచ్చే బండ్లకు అడ్డం పడాలి కాబట్టి, వీలైనంతవరకు ఆ మలుపులు లేకుండా వారు దారి గీస్తారు. మా ట్రంకు రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండి అన్ని వైపుల నుంచీ వస్తుంది కనుక ఈ శాస్త్రం ఇంకా ఎదగవలసి ఉన్నది. మా పేటకు వచ్చే డెలివరీ కుర్రవాడు తనకంటె పెద్ద సంచీని మోటారుసైకిలుకు కట్టుకొని, టీ కొట్టు దగ్గర ఒక కాలు నేల మీద ఆనించి, టీ చల్లారేలోగా ఆ లక్షల కోట్ల వరసలలో ఒకదాన్ని తేల్చేస్తాడు. ఆ పైన ఫోను చేసి "పెద్దాయనా, ఎక్కడ?" అంటాడు, "ఆడనే ఉండు నాయనా, వస్తా ఉండా" అని నేనే చెప్పులేసుకొని పోతాను. ప్రపంచవ్యాప్త సమాచార వ్యవస్థలో ఆఖరి వంద గజాల భారం ఈ విధంగా నా మోకాళ్ల మీద ఉన్నది.

కంప్యూటర్లు లేని కాలంలో పొట్లాలు ఎంత అస్తవ్యస్తంగా పోయేవో తెలియాలంటే ఒంగోలు ఎద్దును అడగాలి. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడలోని ఒంగోలు జత ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో దిగి అక్కడే అమ్ముడుపోయింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. ఆ జాతికి ఆ దేశంలో 'నెలోరే' అనే పేరు స్థిరపడిపోయింది. నేడు అక్కడి మాంసపు పశువులలో అత్యధిక భాగం ఆ పేరువే. ఊరి పేరు పోయి జిల్లా పేరు మిగలడం గురించి ప్రకాశం జిల్లావారికి నేటికీ కొంత నొప్పి ఉండవచ్చు. ఈ రోజుల్లోనైతే ఆ జత ఫలానా చోట ఉన్నదని నిమిషాలలో కనిపెట్టి, పంపినవారికి తిప్పి పంపి, ఒక ఖండపు పాడిపంటల చరిత్రను సకాలంలో అడ్డుకొని ఉండేవారు.

వడియాలు క్షేమంగా చేరాయి. వాటికి బదులుగా మా అమ్మాయి అక్కడి నుంచే ఫోనులో నొక్కి, రక్తపోటు కొలిచే యంత్రాన్ని మా ఇంటికి పంపించింది. మొన్న ఉదయం నేను అరుగు మీద కూర్చొని పత్రిక చదువుకుంటూ ఉండగా, 11:40కి లోపల మా శ్రీమతి ఫోను మోగింది. 'గ్రహీత అందుబాటులో లేరు, తలుపు తాళం వేసి ఉన్నది' అని సందేశం. కాసేపటికి అమెరికాలో అర్ధరాత్రి వేళ అమ్మాయి లేచి, "నాన్నా, ఇంట్లో లేరంట గదా, ఆస్పత్రికేమన్నా పోయినారా?" అని ఆదుర్దాగా అడిగింది. నేను ఇంట్లోనే ఉన్నానంటే నమ్మలేదు. సాక్ష్యంగా వచ్చిన ఫొటోను పంపింది. రోడ్డుకు అవతల నుంచి తీసిన ఆ ఫొటోలో మా గేటు ఉన్నది, గేటు వెనక అరుగు ఉన్నది, అరుగు మీద పత్రిక చదువుకుంటూ బనీనుతో నేను ఉన్నాను.

మా శ్రీమతి కళ్లజోడు సర్దుకొని దానిని చాలాసేపు చూసింది. "ఫొటో కూడా పెట్టినారు గదండీ, మీరు లేరని" అన్నది.

రెండో ప్రయత్నం రేపు ఉన్నది. ఆధార్ కార్డు చేతిలో పట్టుకొని పది గంటలకల్లా రోడ్డు మీద కుర్చీ వేసుకోవాలని మా ఇంట్లో నిర్ణయమైంది.