యూరియా బస్తాలో ఎంత ప్రొటీన్ ఉంది?

నల్లగొండలో కుర్రకారు ఆరోగ్యం మీద పడ్డ వేళ, ప్రొటీన్ పొడి డబ్బాల మీద కొందరు లేనిపోని అనుమానాలు పుట్టిస్తున్నారు. డబ్బాలో ఏముందో కంపెనీ సరిగా చెప్పడం లేదట. లేబుల్ చదవడం రాని వాళ్ల గోల ఇది.

లేబుల్‌కు ముందు ఒకటి, వెనక ఒకటి రెండు మొహాలుంటాయి. ముందువైపు కండలు తిరిగిన మనిషి, పక్కన '24 గ్రాముల ప్రొటీన్' అన్న అంకె, క్లాక్ టవర్ సెంటర్‌లో అటు పక్కన నిలబడ్డా కనిపించేంత. వెనకవైపు అక్షరాలకు భూతద్దం కావాలి. 'వైద్య అవసరాలకు కాదు' అన్న మాట ఉండేది అక్కడే. మన దేశంలో ఆ మాట వేయడం తప్పనిసరి, దాన్ని చదవాలని మాత్రం ఎవరూ నిర్బంధించలేదు.

అమెరికా డబ్బాల మీద ఇంకో విశేషం, 'ప్రొప్రయిటరీ బ్లెండ్'. పది మూలికల పేర్లు రాసి, అన్నీ కలిపిన బరువు ఒక్కటి వేస్తే అక్కడి చట్టానికి సరిపోతుంది. కిరాణా కొట్టాయన చిట్టీ మీద 'పప్పు, చింతపండు, ఉప్పు కలిపి 5 కిలోలు' అని రాసిస్తే, అందులో ఉప్పు ఎంతని మా అత్తమ్మ కొట్టు ముందే కూర్చుంటుంది. డబ్బా వాడు అదే పని చేస్తే వ్యాపార రహస్యం.

ఇక అసలు విజ్ఞానం. ప్రొటీన్ లెక్కకు ఎక్కువగా వాడే పద్ధతిని 1883లో డెన్మార్క్‌లో యోహాన్ కెల్డాల్ కనిపెట్టాడు, అదీ ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో. ఈ పద్ధతి ప్రొటీన్‌ను కొలవదు, నత్రజనిని కొలుస్తుంది. ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని కాబట్టి దొరికిన దాన్ని 6.25తో గుణిస్తారు. ఆ నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం మర్యాద కాదు. అందుకే కొందరు పాల ప్రొటీన్‌లో గ్లైసిన్ కలుపుతారు, ప్రొటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో యాసిడ్లలో చవకైనది అది. 100 గ్రాముల గ్లైసిన్ ఈ లెక్కలో దాదాపు 117 గ్రాముల ప్రొటీన్! ఉన్నదానికంటే ఎక్కువ ఇచ్చే సరుకు ఇంకెక్కడైనా దొరుకుతుందా?

దొరుకుతుంది, మన సొసైటీ గోదాములోనే. యూరియాలో నత్రజని 46 శాతం, 6.25తో గుణిస్తే 287 దాటుతుంది. 45 కిలోల బస్తాను కెల్డాల్ గారి లెక్కలో పెడితే 129 కిలోల ప్రొటీన్. ధర మూడొందల్లోపే. దాని కోసం పొద్దున్నే చెప్పులు వరసలో పెట్టి నిలబడే మిర్యాలగూడ రైతును పాపం అని ఫొటోలు తీస్తున్నారు గానీ, అతను దేశంలోకెల్లా చవకైన ప్రొటీన్ కోసం నిలబడ్డాడని ఒక్కరూ రాయలేదు. కడుపులోకి పోతే ఏమవుతుందన్నది ఈ పరీక్ష సిలబస్‌లో లేదు. 2008లో చైనాలో నీళ్లు కలిపిన పాలు పరీక్షలో ఫెయిల్ కాకూడదని, నత్రజని దండిగా ఉండే మెలమిన్ అనే రసాయనం కలిపారు. అంకె బాగానే వచ్చింది. దాదాపు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు.

ఇక్కడి అంగట్లో ఒక కుర్రాడు "అన్నా, అమైనో యాసిడ్ల పట్టిక ఏది, గ్లైసిన్ విడిగా కలిపిండ్రా?" అని అడిగాడు. "గదంతా ఎందుకు తమ్మీ, గంత పెద్ద బొమ్మ ఉన్నది కదా" అన్నాడు యజమాని. ఎంతో గౌరవంగా డబ్బా మీది క్యూఆర్ కోడ్ చూపించాడు. కుర్రాడు స్కాన్ చేశాడు. అదే కండల మనిషి, ఈసారి వీడియోలో.

అచ్చంపేట, వనపర్తి మార్కెట్లలో పల్లీలు కుప్పలు పోసి ఉంటాయి, 100 గ్రాములకు 25 గ్రాముల దాకా ప్రొటీన్‌తో. బొమ్మ లేదు, స్కూప్ లేదు, చాక్లెట్ వాసన లేదు. పైగా దోసిట్లోకి తీసుకుని, పొట్టు ఒలిచి, లోపల ఏముందో కొనేవాడే చూసుకోవచ్చు. ఇంత పారదర్శకతతో వ్యాపారం ఎట్లా నడుస్తుంది?

కాబట్టి నా విన్నపం ఒక్కటే. యూరియాను వెంటనే నల్ల డబ్బాల్లోకి మార్చి, మూత మీద '287 శాతం ప్రొటీన్' అని అచ్చు వేయించాలి. అబద్ధం కాదు, లెక్క ఉంది. డబ్బాకు కూడా ఆధార్, పట్టాదారు పాస్‌బుక్ అడుగుతారా అన్నది వ్యవసాయ శాఖ ముందుగానే తేల్చి చెబితే, జిమ్ కుర్రాళ్లకు క్యూలో టెన్షన్ ఉండదు.